తలుపు తీసిన సంగతి కారుకు తెలియదు

నేను సాదలిలో బస్సు దిగి మా చెల్లెలి అత్తగారి వీధిలోకి తిరిగేసరికి చెల్లెలు గడ్డపారతో కారు అద్దం పగలగొడుతోంది. మొదటి దెబ్బ జారిపోయింది. రెండో దెబ్బకు డ్రైవరు పక్క అద్దం మొత్తం పటికబెల్లం ముక్కల్లా రాలి సీటు మీద పడింది. ఆమె చెయ్యి లోపలికి పెట్టి తలుపు మీది మేకులాంటి పిడిని పైకి లాగింది. నాలుగు తలుపుల తాళాలూ ఒక్కసారిగా టక్కుమని తెరుచుకున్నాయి. పొద్దున్నుంచీ ఎవరికీ లొంగని బండి అప్పుడు మాత్రం బుద్ధిగా చెప్పినట్టు విన్నది.

వెనక తలుపు తీయగానే పొయ్యి మీంచి మూత తీసినట్టు వేడి ముఖానికి కొట్టింది. వెనక సీటు మడిచి, దాని మీద వెదురు తట్టలు ఒకదానిపై ఒకటి పేర్చారు. వాటి మీద కప్పిన తడిగుడ్డ ఎండి అట్టకట్టింది. చెల్లెలు గుడ్డ తీసింది. ఆకు మీద ఉండాల్సిన చిన్న పట్టుపురుగులు తట్టల అంచులకు పాకి, అక్కడే మెత్తబడి ఉన్నాయి. ఆమె కోడి ఈకతో వాటిని కదిపింది. ఈక ఎటు జరిపితే అటు జరిగాయి. తమంతట తాము కదిలినవి లేవు.

"పూజ చేసిన బండిని పగలగొట్టినావు గదమ్మా," అంది అరుగు మీద కూర్చున్న ఆమె అత్త.

"బండికి పూజ చేసినారు. పురుగులకింత నీడ చెయ్యలేదు," అంది చెల్లెలు. వెనక్కి తిరగకుండానే అంది.

కారు యజమాని, చెల్లెలి భర్తకు అన్న, చొక్కా లేకుండా బనీనుతో పక్కనే నిలబడి ఉన్నాడు. ఆమె ఆయన్ను బావా అంటుంది, వరస కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను. ఇంట్లో అందరికీ పెద్దబావ. ఆయన అద్దం ముక్కలకేసి చూస్తున్నాడు. పురుగులకేసి కాదు. నాకు మొదట కోపం వచ్చింది అక్కడే.

జరిగింది చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

అప్పట్లో నేను ఒక దినపత్రికకు చిక్కబళ్లాపురం నుంచి వార్తలు పంపేవాణ్ణి. చిక్కబళ్లాపురం అప్పటికింకా జిల్లా కాలేదు. చింతామణి, బాగేపల్లి కూడా నా కిందే ఉండేవి. మాది గూళూరు. బోర్లలో నీళ్లు పడితే వేరుశనగ, పడకపోతే ఆకాశం కేసి చూడటం. చెల్లెలిని సాదలిలో పట్టుపురుగులు పెంచే ఇంటికి ఇచ్చాం. వచ్చిన కొద్దికాలానికే పురుగుల పని ఆమె చేతికి వచ్చింది. ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ఆమె మేపితే పంట నిలుస్తుందని అందరూ చూశారు. ఆ ఇంట్లో పొలం మాట పెద్దబావది, వంట మాట అత్తది, బయటి మాట చెల్లెలి భర్తది. పురుగుల ఇల్లు ఒక్కటే మా చెల్లెలిది. అందులో ఆమె చెప్పినట్టు అత్త కూడా కాళ్లు కడుక్కుని రావలసిందే.

పట్టుపురుగుల గుడ్లు ఇంట్లోనే పొదిగించడం అప్పటికి తగ్గింది. పురుగులు రెండో జ్వరం దాటేదాకా వాటిని వేరే కేంద్రంలో పెంచి రైతులకిస్తారు. పురుగు పాత చర్మం వదిలే ముందు తినడం మానేసి తల ఎత్తి కదలకుండా ఉంటుంది, దాన్నే జ్వరం అంటారు. అలా పెంచి ఇచ్చే లేతపురుగులే చాకీ పురుగులు. వీళ్లు చింతామణి దగ్గరున్న ఒక కేంద్రం నుంచి తెచ్చుకునేవాళ్లు. తెచ్చేది పొద్దు ఎక్కకముందే తేవాలి. వేడి తగిలితే పోతాయి. ఇంటి దగ్గర తోటలో మల్బరీ ఆకు సరిగ్గా వాటి కోసమే కోతకొచ్చి ఉంటుంది. పురుగులు పోతే ఆకు ముదురుతుంది, ఇంటిల్లిపాదీ పడ్డ కష్టం మేకలు తింటాయి.

ఆ ఏడు పెద్దబావ ఒక పాత కారు కొన్నాడు. పురుగులు తేవడానికి, పట్టుగూళ్లు మార్కెట్టుకు తీసుకుపోవడానికి పనికొస్తుందన్నాడు. కొన్నాక చిక్కబళ్లాపురంలో కార్ల సామాన్లు అమ్మే ఒక దుకాణంలో దానికి సెంట్రల్ లాకింగ్ పెట్టించాడు. తాళంచెవికి చిన్న రిమోటు తగిలించి ఇచ్చారు. బస్టాండులో దూరంగా నిలబడి మీట నొక్కేవాడు. కారు కుంయిమని దీపాలు కొట్టేది. చూసేవాళ్లు చూసేవాళ్లు. కారుతో వచ్చిన తాళంచెవి ఒక్కటే, రెండోది లేదు. చేయించుకోవాలని ఆయనకు తోచలేదు.

ఆ రోజు పొద్దున్నే పెద్దబావ, చెల్లెలు పోయి పురుగులు తెచ్చారు. ఇంటి ముందు బండి ఆపి, అలవాటు కొద్దీ పెద్దబావ తాళం వేసి, పురుగుల ఇల్లు తెరిపించడానికి వెళ్లాడు. అక్కణ్ణించే రిమోటు నొక్కి తాళాలు తీశాడు. చెల్లెలు వెనక తలుపు తీసి తట్టలు చూసుకుంది, బాగున్నాయి. వెంటనే తలుపు వేసేసింది. ఎందుకంటే ఊజి ఈగ. అది పురుగు మీద గుడ్డు పెడితే ఆ పురుగు గూడు కట్టకుండానే చస్తుంది. పురుగుల ఇళ్లకు కిటికీలన్నిటికీ వలలు కొట్టేది దాని కోసమే. పురుగులు పెంచే ఆడవాళ్లు ఏ తలుపైనా తీసిన మరుక్షణం మూస్తారు. కారు అద్దాలు పూర్తిగా ఎక్కించిందీ అందుకే. చల్లటి పూట, కొద్ది దూరం, తడిగుడ్డ ఉంది, వేడి భయం లేదనుకున్నారు.

పెద్దబావ బీడీలు తాగుతాడు. పొగాకు వాసన పురుగుకు పడదు. పొగాకు ముట్టిన చేతితో ఆకు వేసినా పురుగులు కక్కుకుని చస్తాయి. అందుకని తట్ట పట్టుకోవడానికి వచ్చిన ఆయనతో చెల్లెలు, "బావా, ఆ చొక్కా ఇప్పేసి, చేతులు సబ్బుతో కడుక్కోని రా," అంది. ఇది ప్రతి పంటకూ అనే మాటే. ఆయన ముందు తలుపు తీసి, చొక్కా విప్పి సీటు మీద పడేసి, తలుపు వేసి, తొట్టి దగ్గరికి పోయాడు. తాళంచెవి చొక్కా జేబులో ఉంది. ఆమె కూడా కాళ్లు చేతులు కడుక్కుంటోంది.

వాళ్ల వెనకాల టక్కుమంది.

ముందు నవ్వుకున్నారట. తర్వాత ఒక స్టీలు స్కేలు తెచ్చి అద్దానికీ రబ్బరుకూ మధ్య దోపి తిప్పారు. తీగ వంచి దోపారు. శిడ్లఘట్టలో మెకానిక్కుకు ఫోను చేశారు. ఆయన "ఇదో బయల్దేరినా" అన్నాడు. ఎండ గోడ మీంచి బండి ముక్కు మీదికి, అక్కణ్ణించి కప్పు మీదికి వచ్చింది. చెల్లెలు గోనెసంచులు తడిపి కప్పు మీద పరిచింది. బిందెలతో నీళ్లు పోసింది. "బావా, అద్దం పగలగొడతా," అంది. ఆయన ఆమెకూ బండికీ మధ్య నిలబడ్డాడు.

"తిక్కపనులు చెయ్యద్దు. ఇదో వస్తాండాడు."

"యాడ వస్తాండాడు? పురుగులు వేగిపోతాండాయి బావా."

"అద్దం యాడ దొరుకుతాదో తెలుసునా నీకు? ఈ బండికి బెంగళూరు నుంచి రావాల."

"పురుగులు యాడ దొరుకుతాయో నాకు తెలుసును. మళ్లా గుడ్లు పొదగాల."

అత్త శుక్రవారం బండి అద్దం పగలకూడదంది. చెల్లెలి భర్త తోట నుంచి వచ్చి అన్న ముఖమూ పెళ్లాం ముఖమూ చూసి, మెకానిక్కుకు మళ్లీ ఫోను చేశాడు. ఆ ఇంట్లో ఆయన చేసేది ఎప్పుడూ అదే. చివరికి పెద్దబావ రోడ్డు మీదికి మెకానిక్కును చూడబోయినప్పుడు ఆమె గడ్డపార అందుకుంది. వెనక అద్దం కొడితే ముక్కలు తట్టల్లో పడతాయని ముందు తలుపు అద్దం కొట్టింది. అప్పటికీ పురుగుల మీద ఆశ వదలలేదు. దెబ్బ చప్పుడుకు ఆయన పరుగెత్తుకొచ్చాడు. నేను వచ్చింది అప్పుడే.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను ఇంత రాయను. ఒక పంట పోయింది, అంతే. పట్టు పండించేవాళ్ల ఇళ్లలో పంటలు పోతూనే ఉంటాయి.

ఆ సాయంత్రం తట్టలు కడిగి ఆరబెడుతుంటే అత్త అడిగింది, పొరుగువాళ్లు ఇద్దరు ముగ్గురు అక్కడ ఉండగానే. "ఏమ్మా, నువ్వు తలకు పోసుకోని పురుగుల కాడికి పోతివా, పోసుకోకనే పోతివా?"

ఆ ఇళ్లలో ఒక నియమం ఉంది. నెల వచ్చిన ఆడది పురుగుల ఇంట్లోకి పోకూడదు, పోతే పంట దెబ్బతింటుంది అంటారు. చెల్లెలు ఆ నియమం పాటించేది. ఆ మూడు రోజులు వాకిట్లో నిలబడి లోపలివాళ్లకు చెప్పి చేయించేది. చింతామణికి పోయిన రోజుకు ఆమె ఆ రోజులు దాటి ఒక పూట అయిందో, రెండు పూటలయిందో. ఎన్ని పూటలయిందో నేను అడగలేదు, ఇప్పుడూ అడగను. ఆ లెక్క తేల్చడానికి కూర్చున్నామంటే వాళ్ల మాటకు విలువిచ్చినట్టే.

చెల్లెలు తట్ట కింద పెట్టింది. "బండి దానంతటికది తలుపులు బిగించుకునె. దానికి గూడా నెలొచ్చిందేమో అడగండత్తా," అంది.

ఒకావిడ నవ్వు ఆపుకోలేక పమిట అడ్డం పెట్టుకుంది. అత్త నవ్వలేదు. మర్నాటికి మాట వీధి దాటింది. మల్బరీ ఆకు కొనుక్కునే వాళ్లకూ తెలిసింది. ఇంకో పంటకు పురుగులు తెచ్చేలోపలే, ఇక పురుగుల ఇల్లు పెద్దకోడలు, అంటే పెద్దబావ భార్య, చూస్తుందని తేల్చేశారు. చెల్లెలు ఆకు కోసి తేవాలి, గడప బయట దించాలి. లోపలికి పోకూడదు.

నేను ఆమె అన్నను. విలేకరిని కూడా. పెద్దబావను బలవంతాన బండెక్కించుకుని చిక్కబళ్లాపురం తీసుకుపోయాను. పగిలిన అద్దం స్థానంలో ప్లాస్టిక్ కవరు అంటించి ఉంది, దారంతా అది పటపటా కొట్టుకుంటూనే ఉంది. పోయేముందే నేను బండిలో కూర్చుని చూశాను. రిమోటుతో తాళం తీసి, తలుపు తెరిచి, మూసి, ఊరికే కూర్చుంటే అర నిమిషం కాగానే నాలుగు తలుపులూ బిగుసుకున్నాయి. మళ్లీ చేశాను. మళ్లీ బిగుసుకున్నాయి. ప్రతిసారీ అంతే.

ఈ తాళాల పని అర్థం కానంత పెద్దదేమీ కాదు. పాత కార్లలో ఏ తలుపు తాళం ఆ తలుపుదే. తలుపు రేకు లోపల సన్నటి ఇనుప కడ్డీ ఉంటుంది. పైన పిడి నొక్కితే కడ్డీ కిందికి దిగి గొళ్లేన్ని బిగిస్తుంది. సెంట్రల్ లాకింగ్ అంటే ప్రతి తలుపు లోపలా ఆ కడ్డీకి ఒక చిన్న మోటారు తగిలించడం. మోటార్లన్నిటి తీగలూ తలుపు బందుల దగ్గరున్న రబ్బరు గొట్టాల గుండా వచ్చి, డ్యాష్‌బోర్డు కింద ఒక చిన్న పెట్టెలో కలుస్తాయి. డ్రైవరు తలుపు మోటారులో ఒక స్విచ్చి కూడా ఉంటుంది. డ్రైవరు తన తలుపు బిగిస్తే ఆ స్విచ్చి పెట్టెకు చెబుతుంది. పెట్టె మిగతా మోటార్లకు రెప్పపాటు కరెంటు పంపుతుంది. కరెంటు ఒకవైపు పారితే కడ్డీలు దిగుతాయి, తిప్పి పంపితే లేస్తాయి. చెల్లెలు ఒక్క పిడి లాగితే నాలుగూ తెరుచుకున్నది అందుకే. రిమోటు నొక్కినా పెట్టె చేసేది ఇదే పని.

దీనికి ఒక జాగ్రత్త కలిపారు. జేబులో ఉన్న మీట పొరపాటున నొక్కుకుపోతే, మనిషి ఎక్కడో ఉండగా బండి తాళాలు తెరుచుకుని దొంగలకు దొరుకుతుంది. అందుకని తాళం తీసిన అర నిమిషంలోపల ఎవరూ తలుపు తెరవకపోతే పెట్టె మళ్లీ బిగించేస్తుంది. మంచిదే. కానీ తలుపు తెరిచారో లేదో పెట్టెకు ఎలా తెలియాలి? తలుపు తీయగానే కప్పులో దీపం వెలుగుతుంది కదా, దానికి తలుపు చట్రంలో చిన్న బొత్తం స్విచ్చి ఉంటుంది. అక్కణ్ణించి ఒక తీగ పెట్టెకు కలపాలి. అది కలిపితే తలుపు తీసిన సంగతి పెట్టెకు తెలుస్తుంది, ఊరుకుంటుంది. కలపకపోతే, ఎన్నిసార్లు తీసి మూసినా దాని లెక్కలో ఎవరూ తలుపు తీయనట్టే. ఊరికి పోకుండా ఊరి వార్త రాసే విలేకరి లాంటిది. ఏమీ జరగలేదని రాసేస్తుంది.

ఆ తీగ మా పెద్దబావ కారులో కలపలేదు. చివర చుట్టి, టేపు వేసి, పెట్టె పక్కన వదిలేశారు. దుకాణం యజమాని డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి దాన్ని బయటికి లాగి మాకు చూపించాడు, ఏమాత్రం సిగ్గు లేకుండా.

"ఇదా సార్? ఇది ఎవరికీ కట్టము."

"ఎందుకు కట్టరు?"

"దీపం స్విచ్చి దాకా లాగాలంటే కింద పట్టీ అంతా ఊడదీయాల. సగం పూట పోతాది. ఎదురంగడోడు గంటలో బిగించి ఇస్తాండాడు, గిరాకీ ఆడికి పోతాది."

"కట్టలేదని చెప్పొచ్చు కదా?"

"చెప్తే ఏం చేస్తారు సార్? సరే అంటారు. తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకునేది మా తప్పా? ఏమప్పా," అని పెద్దబావ కేసి తిరిగాడు, "చొక్కా ఇప్పి బండిలో ఏసేవాళ్లను నేను ఇంతవరకూ చూళ్లేదు."

అతని కుర్రాళ్లు నవ్వారు. పెద్దబావ కూడా కొంచెం నవ్వాడు. నేను అతనితో ఏమన్నానో ఇక్కడ రాయలేను. అచ్చులో పట్టే మాటలు కావు. ఇట్లాంటి బండ్లు ఎన్ని పంపావని అడిగితే అతను చెయ్యెత్తి వీధి మొత్తం చూపించాడు.

ఆ తీగ వాళ్లు అప్పుడే కలిపి ఇచ్చారు. మేం పక్కన నిలబడి టీ తాగుతుండగానే పని అయిపోయింది. సగం పూట కూడా పట్టలేదు. నేను మళ్లీ కూర్చుని చూశాను. తలుపు తీసి మూశాక ఎంతసేపు కూర్చున్నా తాళాలు బిగుసుకోలేదు.

తిరిగి వస్తూ ఊరు కనబడే చోట పెద్దబావ బండి నెమ్మది చేశాడు.

"బావా, ఇంట్లో ఈ తీగ సంగతి చెప్పద్దు."

"ఎందుకు?"

"అమ్మకు అర్థం కాదు. ఊరికే మాట పెరుగుతాది. తీగ తప్పయితే మళ్లా నన్నడుగుతారు, అద్దం యాల పగలగొట్టనీలేదని."

ఆయన అంత స్పష్టంగా చెబుతాడని నేను అనుకోలేదు. చెడ్డవాడు కాదు, నలుగురిలో మర్యాద ఉన్నవాడు. మా చెల్లెలి మీద పడ్డ మాట అబద్ధమని ఆయనకు తెలుసు. అది ఆమె మీద ఉన్నంతకాలం తన మీద ఏమీ ఉండదు. తీగ తప్పు బయటపడితే తర్వాతి ప్రశ్న తనకు. నేను చాలామంది అధికారులను ఇదే లెక్క వేసుకుంటుండగా చూశాను. మా ఇంటి మనిషి వేసుకోవడం అప్పుడే చూశాను.

నేను చెప్పాను. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, అత్తను బండి దగ్గరికి తీసుకొచ్చి, పెట్టె, తీగ, దీపం స్విచ్చి చూపించి చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది. తెలివితక్కువది కాదు.

"సరేనప్పా. తీగ కట్టలేదు. కట్టక ఎన్నాళ్లాయె?"

"పెట్టించినప్పటి నుంచీ."

"అన్నాళ్లూ తలుపులు బిగుసుకోలేదా?"

"బిగుసుకునే ఉంటాయి. తాళంచెవి చేతిలో ఉండింది కాబట్టి మళ్లీ నొక్కి తీసుకున్నారు. ఆ పొద్దు చెవి చొక్కాలో ఉండిపోయింది."

"చొక్కా ఇప్పమన్నది ఎవరు?"

నేను పెద్దబావ వైపు చూశాను. ఆయన కొత్త అద్దం కొలత గురించి తమ్ముడితో మాట్లాడుతున్నాడు. అత్త గెలిచినదానిలా లేవలేదు. మామూలుగా లేచి ఎసరు పెట్టడానికి పోయింది. జాగ్రత్తగా ఉన్నది మా చెల్లెలు ఒక్కతే, ఆ జాగ్రత్తే నేరమయింది. తలుపు వేసింది ఆమె, చొక్కా విప్పమన్నది ఆమె, అద్దం పగలగొట్టింది ఆమె. తీగ కట్టనివాడు, రెండో చెవి చేయించనివాడు, అద్దానికి అడ్డం నిలబడ్డవాడు, వీళ్లెవరూ ఆ పూట ఏమీ చేయలేదు. ఏమీ చేయనివాళ్లను ఎవరూ ఏమీ అడగరు.

పత్రికకు ఆ తీగ గురించి రాసి పంపాను, దుకాణాల వాళ్లు తగ్గించి బిగిస్తున్నారని. కార్లలో తాళంచెవులు మరవకండి అన్న శీర్షికతో లోపలి పేజీలో వేశారు. తీగ ఉన్న వాక్యం చోటు చాలక తీసేశారు. పెద్దబావ దాన్ని చదివి, బాగా రాశావని మెచ్చుకున్నాడు.

మా అమ్మ గూళూరు నుంచి వెళ్లి చెల్లెలిని కొన్నాళ్లు మా ఇంటికి తీసుకొచ్చింది. చెల్లెలు నిలవలేదు. "నేనిక్కడ కూకుంటే ఆడ నిజమే అనుకుంటారన్నా," అని పోయింది. పోయి ఆకు కోసింది. కోసిన ఆకు తడిగుడ్డలో చుట్టి గడప బయట దించింది. లోపల పురుగులు ఏ జ్వరంలో ఉన్నాయో, ఆకు లేతది వేయాలో ముదురుది వేయాలో, వల ఎక్కడ చిరిగిందో గడప బయటి నుంచే చెప్పింది. పెద్దకోడలు ఆమె చెప్పినట్టే చేసింది. ఆ పంట నిలిచింది. ఆమె లోపలికి రాలేదు కాబట్టే నిలిచిందని అత్త అంది.

ఆ తర్వాత చాలా పంటలు పోయాయి, చాలా పంటలు వచ్చాయి. పెద్దబావ కారు బాగేపల్లిలో ఎవరికో అమ్మేశాడు. అత్త మంచం పట్టింది, పురుగుల ఇంటి దాకా నడవలేదు. ఇప్పుడు నువ్వే పోయి చూసుకో, ఎవరడ్డమొస్తారు అని చెల్లెలి భర్త అంటాడు. వద్దని నలుగురిలో చెప్పినవాళ్లే నలుగురిలో రమ్మని చెప్పాలని ఆమె పట్టు. అత్త చెప్పలేదు. పెద్దబావ ఆ తీగ మాట తన నోటితో ఇంట్లో ఇంతవరకూ ఎత్తలేదు. మా చెల్లెలు ఇప్పటికీ ఆకు గడప బయటే దించుతోంది.